ఫార్మాట్ కొట్టమన్నవాళ్ల మధ్య నా ఉద్యోగం

సి డ్రైవ్ నిండి, దాని పక్కన గీత ఎర్రగా మారిందంటే కంప్యూటర్ సొంతదారుడి తెలివి సగం పోతుంది. మిగతా సగం సర్వీసు ఇంజనీరు వచ్చాక పోతుంది. నా ఉద్యోగమంతా ఈ రెండు సగాలు పోయిన తర్వాత మొదలయ్యేది.

నా పేరు రూత్. ఉప్పుగూడలో పుట్టి పెరిగాను. నాన్న రైల్వేలో పనిచేసేవాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, సంతోష్‌నగర్‌లోని ఒక కంప్యూటర్ సర్వీసు కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి, "అక్కా, ఏ కోర్సు చెయ్యాలె?" అని అడుగుతుంటారు. కోర్సులు వాళ్లకు నాకంటే బాగా తెలుసు. కోర్సులో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెబుతాను.

గీతలు గీసినవాళ్లు

హార్డ్ డిస్క్ ఒకటే వస్తువు. దాన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి సి, డి, ఇ అని పేర్లు పెడతాం. ఈ భాగాన్నే పార్టిషన్ అంటాం. విడగొట్టడం తప్పు కాదు. కానీ మా వైపు కంప్యూటర్లు బిగించి అమ్మే షాపులవాళ్లకు ఒక పాడు అలవాటు ఉండేది. విండోస్ ఉండే సి డ్రైవ్‌కు బొటాబొటిగా జాగా ఇచ్చి, మిగతాదంతా సినిమాలు, పాటలు పెట్టుకొమ్మని కేటాయించేవాళ్లు. ఎందుకలా అని అడిగితే "అందరు గట్లనే చేస్తరు" అనేవాళ్లు. ఈ వృత్తిలో జరిగే దరిద్రపు పనుల్లో చాలావాటికి ఇదే సమాధానం వింటారు. కొన్నాళ్లకు సి నిండిపోతుంది. డిలో కావలసినంత ఖాళీ ఉంటుంది. అప్పుడు గీత జరపాలి. సిని పెంచాలి, డిని తగ్గించాలి.

వీడియోల్లో చూస్తే ఇది పిల్లలాటలా ఉంటుంది. తెర మీద రంగు పట్టీని వేలితో ఇటు లాగుతాడు, అటు లాగుతాడు, "హో గయా" అంటాడు. లోపల ఏం జరుగుతుందో ఆ వీడియో తీసినవాడికీ తెలియదు, చూసినవాడికీ తెలియదు. చెడిపోయాక నా దగ్గరికి తెచ్చేవాళ్లకు అసలే తెలియదు.

జల్‌పల్లి ప్లాట్ల మనిషి

జల్‌పల్లిలో ప్లాట్లు కొని అమ్మే ఒకాయన ఉండేవాడు. అందరూ సత్తెన్న అనేవాళ్లు. ఖాళీ జాగా కనబడితే పక్క ప్లాటులో కలుపుకోవడం ఆయన వృత్తి. అదే పద్ధతి తన కంప్యూటర్ మీద కూడా ప్రయోగించాడు. సికి, డికి మధ్య చిన్న భాగం ఒకటి కనిపించింది. దానికి పేరు లేదు, తెరిస్తే తెరుచుకోదు. ఎవరిదో తెలియని జాగా కదా అని దాన్ని తీసేసి సిలో కలిపేశాడు. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర, దాని మీద "ఆపరేటింగ్ సిస్టమ్ కనబడలేదు" అని ఒక్క ఇంగ్లిషు వాక్యం. దగ్గర్లో ఉన్న షాపువాడు చూసి డిస్క్ చచ్చిపోయిందని తేల్చేశాడు.

డిస్క్ నిక్షేపంలా ఉంది. ఆ పేరు లేని చిన్న భాగంలోనే కంప్యూటర్‌ను లేపే ఫైళ్లు ఉన్నాయి. ఆన్ చేయగానే మిషను మొదట వెతికేది వాటినే. విండోస్ ఎక్కడుందో చెప్పేవి అవే. అవి లేకపోతే విండోస్ పక్కనే ఉన్నా మిషనుకు కనబడదు. నేను విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి ఆ ఫైళ్లను మళ్లీ రాయించాను. కంప్యూటర్ లేచింది.

సత్తెన్న మొహంలో సంతోషం లేదు. "గింతేనా? నేనింకేందో అనుకున్న" అన్నాడు.

"ఇంతే అన్నా. మీరు తీసేయకపోతే ఇది కూడా లేకుండె."

"పేరు లేదు కదమ్మా దానికి."

"మీ ఇంటి బోరుకు పేరుందా?"

ఆ సాయంత్రం సత్తెన్న మా ఆఫీసుకు ఫోన్ చేసి, ఆడమనిషిని పంపారు, నోరెక్కువ అని ఫిర్యాదు చేశాడట.

ఈ కేసు నుంచి కొత్తవాళ్లు ఒక్క మాట పట్టుకుంటే చాలు. కంప్యూటర్ స్టార్ట్ కాకపోవడం వేరు, లోపలి సమాచారం పోవడం వేరు. మొదటిది జరిగిందని రెండోది జరిగినట్టు మాట్లాడేవాడు తెలివితక్కువవాడైనా అయి ఉండాలి, కొత్త డిస్క్ అమ్ముకునేవాడైనా అయి ఉండాలి. సాధారణంగా ఇద్దరూ ఒకరే అవుతారు.

మా ప్రభాకర్ సార్

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా మేనేజర్ పేరు ప్రభాకర్. చెడ్డవాడని అనను. చెడ్డతనానికి కూడా కొంత శ్రద్ధ కావాలి. ఆయన శ్రద్ధ అంతా కాంట్రాక్టుల మీద ఉండేది. సాంకేతిక విషయాల్లో ఆయనకు వచ్చిన మందు ఒకటే: డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేసే ఫార్మాట్. వైరస్ వస్తే ఫార్మాట్. నెమ్మదిస్తే ఫార్మాట్. ప్రింటర్ పనిచేయకపోయినా ఫార్మాటే. "ఫార్మాట్ కొట్టెయ్, కాల్ క్లోజ్ చెయ్" అనేవాడు. కాల్ అంటే మా భాషలో కస్టమర్ ఫిర్యాదు. కస్టమర్ ఫైళ్ల సంగతేంటని అడిగితే, బ్యాకప్ కస్టమర్ బాధ్యత అనేవాడు. ఆ బ్యాకప్‌ను అదే డిస్క్‌లోని డి డ్రైవ్‌లోకి వెళ్లేలా అమర్చిన ఘనత మాత్రం మా కంపెనీదే. ఇల్లు కాలితే పనికొస్తుందని నీళ్ల ట్యాంకును వంటింట్లో పెట్టినట్టు.

సంతోష్‌నగర్‌లో నస్రీన్ మేడమ్ చెవి పరీక్షల క్లినిక్ నడిపేవారు. వినికిడి తక్కువైన పిల్లలకు చెవి మిషన్లు అమర్చడం ఆమె పని. ఆమె కంప్యూటర్‌లో సి డ్రైవ్ నిండిపోయి, మిషన్లను సెట్ చేసే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆ క్లినిక్‌తో ఏడాది కాంట్రాక్టు మాటల్లో ఉంది. అందుకని ప్రభాకర్ సార్ తానే స్వయంగా బయల్దేరాడు. నేను వేరే కాల్ మీద ఉన్నాను.

మర్నాడు పొద్దున నన్ను పిలిచి, "ఆ చెవుల క్లినిక్‌ల డిస్క్ పోయింది. పాతది. పోయి ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఏసి రా" అన్నాడు.

"డేటా సార్?"

"చెప్పిన గద, పోయిందని."

క్లినిక్‌లో

నేను వెళ్లేసరికి నస్రీన్ మేడమ్ కోపంతో నిలబడే ఉన్నారు. ఎదురు కుర్చీలో ఒక తల్లి, ఆమె ఒళ్లో స్కూలుకు పోయే వయసు పాప కూర్చుని ఉన్నారు. తల్లి పేరు యాదమ్మ, జల్‌పల్లిలో కూలిపనికి వెళుతుంది. పాప పేరు స్వాతి. పాప చెవి మిషను నీళ్ల బకెట్లో పడి పాడైంది. దాని బదులు కంపెనీ నుంచి కొత్తది వచ్చింది. అది బల్ల మీద డబ్బాలోనే ఉంది.

"కొత్తది ఉంది కదా మేడమ్. పెట్టొచ్చు కదా?" అన్నాను. నిజంగానే నాకు తెలియక అడిగాను.

"ఖాళీ డబ్బా లెక్కనే అది, రూత్" అన్నారామె. "ఎంత సౌండ్ ఇయ్యాలె, ఏ సౌండ్ తగ్గియ్యాలె, అదంతా ఈ కంప్యూటర్‌ల ఉంది. పెద్దోళ్లయితే ఎక్కువైంది, తక్కువైంది అని నోటితో చెప్తరు. ఈ బచ్చీ చెప్పదు. ఏడుస్తది, లేకుంటే పీకి పారేస్తది. ప్రతిసారి దాని మొహం చూసుకుంట కొంచెం కొంచెం సెట్ చేసిన. అదంతా మళ్ల షురూ చెయ్యాలంటే ఎన్ని నెలలు పడ్తదో నాకే ఎరక లేదు."

యాదమ్మ నా వైపు తిరిగింది. "ఇప్పుడిప్పుడే మాటలొస్తుండె అక్కా. మిషన్ పోయినకాంచి మళ్ల సైగలు చేస్తుంది. బడికి పోనంటది."

పాప మా అందరి పెదాలనూ మార్చి మార్చి చూస్తూ ఉంది.

నిన్న ఏం జరిగిందో వరుసగా చెప్పమన్నాను. ఈ ప్రశ్నను ఎప్పుడూ వదలకండి. డిస్క్‌ను పరీక్షించే సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. పక్కన నిలబడి చూసిన మనిషి చెప్పేది వాటిలో ఒక్కటీ చెప్పదు.

నస్రీన్ మేడమ్ చెప్పారు. "బ్యాకప్ ఇంకో డిస్క్ మీద తీసుకుందామా అని అడిగిన. 'దేనికి మేడమ్, రెండు క్లిక్కుల పని' అన్నడు మీ సారు. ఏందో సాఫ్ట్‌వేర్ ఏసి రీస్టార్ట్ చేసిండు. నల్ల స్క్రీన్ మీద ఒక అంకె వచ్చింది. మెల్లగ పెరుగుకుంట పోతుండె. మధ్యల చాలాసేపు ఆగింది. ఆయనకు ఫోన్ మీద ఫోన్. ఎవరిదో పెళ్లి భోజనం ఉన్నదట. 'హ్యాంగ్ అయింది' అని బటన్ ఒత్తి పట్టుకున్నడు. ఆ తర్వాత ఏదేదో నొక్కిండు. ఇగ లేవలే."

నాకు అర్థమైంది. సిని పెంచాలంటే ముందు డి పక్కకు జరగాలి. డి జరగడమంటే దానిలో ఉన్నదంతా, పిల్లల రికార్డులతో సహా, ముక్క ముక్కగా కొత్త చోటికి మారడం. అది గంటల పని. తెర మీద అంకె కదలకపోయినా లోపల పని నడుస్తూనే ఉంటుంది. సగం సామాను ఎక్కిన లారీని ప్రభాకర్ సార్ రోడ్డు మధ్యలో ఆపి, తాళం తీసుకుని భోజనానికి వెళ్లిపోయాడు.

సార్‌కు ఫోన్ చేశాను. నస్రీన్ మేడమ్ సైగ చేస్తే స్పీకర్ ఆన్ చేశాను.

"సార్, మధ్యల పవర్ ఆపిన్రా?"

"నేనెందుకు ఆపుత? కరెంటు పోయింది ఆడ."

"నా క్లినిక్‌ల ఇన్వర్టర్ ఉంది ప్రభాకర్ గారూ" అన్నారు నస్రీన్ మేడమ్. "నిన్న కరెంటు పోనే లేదు."

"రూత్, స్పీకర్ తియ్" అన్నాడు సార్. తీశాక, "కస్టమర్ ముంగట నా ఇజ్జత్ తీస్తవా? ఫార్మాట్ కొట్టి రా. లేకుంటే రేపు ఆఫీసుకు రాకు" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసి కంప్యూటర్ విప్పి, డిస్క్ బయటికి తీశాను. దాన్ని ఆఫీసుకు తీసుకెళతానని, కొంత రావచ్చని, ఏమీ రాకపోవచ్చని కూడా మేడమ్‌తో చెప్పాను. వస్తుందని మాటివ్వలేదు. ఈ వృత్తిలో అలా మాటిచ్చేవాళ్లను నమ్మకండి.

అతుకు

ఆఫీసులో ప్రభాకర్ సార్ డిస్క్‌ను చూడగానే లేచి నిలబడ్డాడు. "ఇది ఎందుకు తెచ్చినవ్?"

"ఫార్మాట్ చెయ్యమన్నరు కదా సార్. మేడమ్‌కు చెప్పి చేద్దాం. పవర్ మీరే ఆపిన్రని, అందుకే ఫార్మాట్ అని మీరే చెప్పుండ్రి. ఆమె సరే అంటే ఇప్పుడే చేస్త."

ఆయన కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ డిస్క్ వైపు రాలేదు. ఫార్మాట్ పక్కన తన పేరు చెప్పుకోవాల్సి వచ్చేసరికి దాని మీద ఆయనకున్న ప్రేమ చల్లారింది. ఇలాంటి పై అధికారి మీకూ దొరుకుతాడు. వాదించి గెలవలేరు. ఆయన చెప్పినదాన్ని ఆయన నోటితోనే అందరి ముందు చెప్పమనండి, చాలు.

మొదట ఆ డిస్క్‌ను అక్షరం వదలకుండా వేరే డిస్క్ మీదికి నకలు తీశాను. తర్వాత అసలు డిస్క్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏం చేసినా నకలు మీదే చేయాలి. నకలు పాడైతే ఇంకోటి తీసుకోవచ్చు. ఈ ఒక్క అలవాటు ఊళ్లోని సర్వీసు షాపుల్లో ఉండి ఉంటే ఎంతమంది పెళ్లి ఫొటోలు, పిల్లల చిన్ననాటి వీడియోలు బతికేవో చెప్పలేను. షాపులవాళ్లకు అంత తీరిక లేదు. ఫార్మాట్ చేయడానికి మాత్రం తీరిక ఉంటుంది.

మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే వందలకొద్దీ చిత్తు ఫైళ్లు వచ్చాయి. ఏదీ తెరుచుకోలేదు. ఎందుకంటే డిలో ముందు భాగం ఇంకా పాత చోటే ఉంది, వెనక భాగం కొత్త చోటికి మారింది. రెండూ ఎక్కడ విడిపోయాయో తెలిస్తే అతికించవచ్చు. తెలియకపోతే అంతా చిత్తు కాగితమే.

అప్పుడు కంప్యూటర్ ముందు నుంచి లేచి కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించాను. సాఫ్ట్‌వేర్ డిని వెనక్కి, అంటే డిస్క్ చివరివైపుకు జరుపుతోంది. కాబట్టి చివరి ముక్కను ముందు రాసి ఉంటుంది, తర్వాత దాని ముందు ముక్కను, అలా వెనక నుంచి ముందుకు వస్తుంది. ఒక ముక్కను కొత్త చోట రాసిన వెంటనే పాత చోట అది చెరిగిపోదు. దాని మీద ఇంకొకటి వచ్చి పడేదాకా అలాగే ఉంటుంది. అంటే సార్ బటన్ నొక్కిన చోటికి దగ్గరలో ఒకే సమాచారం రెండు చోట్ల ఉండాలి. పాతచోట ఒకసారి, కొత్తచోట ఒకసారి. రెండూ సరిపోలడం ఎక్కడ మొదలవుతుందో అదే అతుకు.

వెతకడం మొదలుపెట్టాను. డిస్క్‌లో ఒక చోట చూస్తే రెండూ సరిపోలలేదు. ఇంకా వెనక్కి వెళ్లి చూస్తే సరిపోలాయి. ఆ రెంటికీ మధ్యలో చూశాను. అలా సందును సగం సగం తగ్గించుకుంటూ వచ్చాను. చివరికి తెర మీద రెండు వరుసల అంకెలు పక్కపక్కన నిలిచాయి. ఒక గీతకు ఇటు వేరువేరుగా ఉన్నాయి, అటు అచ్చంగా ఒకేలా ఉన్నాయి. మా సార్ పెళ్లి భోజనానికి లేచిన క్షణం ఆ గీత దగ్గర ఉంది. ఈ వృత్తిలో నాకు ఒళ్లు పులకరించిన సందర్భాలు తక్కువ. అది ఒకటి.

ముందు భాగాన్ని పాత చోటు నుంచి, వెనక భాగాన్ని కొత్త చోటు నుంచి తీసుకుని కొత్త డిస్క్ మీద వరుసగా పేర్చాను. డి డ్రైవ్ తెరుచుకుంది. గీత దగ్గర పడిన కొన్ని ఫైళ్లు మాత్రం రాలేదు. పిల్లల రికార్డులన్నీ ఉన్నాయి. స్వాతి పేరు మీద నొక్కితే ఆమె సెట్టింగులన్నీ వరుసగా వచ్చాయి. ఒక్కోసారి ఎంత కొంచెం మార్చారో చూస్తే నస్రీన్ మేడమ్ ఓపిక ఎంతటిదో తెలిసింది.

స్టార్ట్ కాకపోవడం సంగతి చూస్తే నవ్వొచ్చింది. సి డ్రైవ్‌కు ఏమీ కాలేదు. డి తెరుచుకోకపోయేసరికి సార్ కంగారులో ఏదేదో నొక్కి, విండోస్ లేని డి డ్రైవ్‌నే స్టార్ట్ చేయమని కంప్యూటర్‌కు గుర్తు పెట్టి వెళ్లాడు. సిని కూడా కొత్త డిస్క్ మీదికి నకలు తీసి, గుర్తు మార్చి సి మీద పెట్టాను. అంతే, విండోస్ లేచింది. కొత్త డిస్క్ పెద్దది కాబట్టి సికి చాలినంత జాగా ఇచ్చాను. బ్యాకప్ రోజూ విడిగా ఉన్న ఇంకో డిస్క్ మీదికి వెళ్లేలా అమర్చాను.

మిషను పెట్టిన రోజు

కంప్యూటర్ బిగించిన రోజు యాదమ్మను, పాపను మేడమ్ పిలిపించారు. నేను ఉండాల్సిన పని లేదు. అయినా ఉన్నాను. సెట్టింగులు నిజంగా సరైనవో కావో ఆ పాప చెవిలో పెట్టేదాకా నాకూ తెలియదు. తెర మీద సరిగ్గా కనిపించినంత మాత్రాన పని అయిపోయిందనుకునేవాళ్లు ఫార్మాట్ బ్యాచ్‌లోకే వస్తారు.

ప్రభాకర్ సార్ కూడా వచ్చాడు. కాంట్రాక్టు కాగితాలు, మిఠాయి డబ్బా చేతిలో ఉన్నాయి. "మా టీమ్ రాత్రింబగళ్లు కష్టపడ్డది మేడమ్" అన్నాడు. మిఠాయి డబ్బా మేడమ్ బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని తీసి బయట వెయిటింగ్ కుర్చీ మీద పెట్టి వచ్చారు.

నస్రీన్ మేడమ్ కొత్త మిషనును వైరుతో కంప్యూటర్‌కు కలిపారు. స్వాతి సెట్టింగులు అందులోకి ఎక్కాయి. వైరు తీసి, పాప జుట్టు పక్కకు జరిపి, మిషనును చెవికి పెట్టారు. నేను పాప మొహాన్నే చూస్తున్నాను. పీకి పారేస్తుందా, ఏడుస్తుందా?

పీకలేదు. ఏడవలేదు. తల కొంచెం వంచి, కళ్లు చిట్లించింది. ఫ్యాన్ వైపు చూసింది. వాళ్లమ్మ గాజుల వైపు చూసింది.

అంతలో ప్రభాకర్ సార్ ఫోన్ మోగింది. గదిలోనే నిలబడి ఎత్తాడు. "హలో, ఆఁ, చెప్పు భాయ్! డేటా మొత్తం వాపస్ తెచ్చినం, మనతోని గాక ఇంకెవరితోని అయితది..." అంటూ అందుకున్నాడు.

స్వాతి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. నస్రీన్ మేడమ్ కంగారుపడి కీబోర్డు మీదికి వంగారు. పాప చెయ్యి తీసి, ఆ చేత్తోనే సార్ వైపు చూపించింది. వాళ్లమ్మతో పెద్దగా, ముద్దముద్దగా అంది.

"అమ్మా, గా అంకుల్... మస్తు లొల్లి!"

యాదమ్మ పాపను ఒళ్లోకి లాక్కుని, మొహం దాని జుట్టులో దాచుకుని ఏడ్చింది. నస్రీన్ మేడమ్ లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకున్నారు.

"ప్రభాకర్ గారూ, బయట మాట్లాడుకోండి" అన్నారు.

ఆయన ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని బయటికి నడిచాడు. మేడమ్ తలుపు వేసి, తిరిగి వచ్చి, పాప ముందు కూర్చుని మెల్లగా అడిగారు.

"ఇప్పుడు మంచిగుందా, బేటా?"

స్వాతి ఆమె పెదాల వైపు చూడలేదు. కిటికీ బయట ఆటోల చప్పుడు వింటూనే తలూపింది.